లింగ్యా విసిరే రాయి

పరశురాములు వంగి రైలుపట్టా క్లిప్పు మీద సుత్తితో ఒక దెబ్బ వేశాడు, తల తిప్పి వెనక్కి చూశాడు. బండి లేదు. ఇంకో దెబ్బ వేశాడు, మళ్ళీ చూశాడు. ఆరేడు క్లిప్పులు కొడితే గానీ తల ఎత్తని మనిషి ఇవాళ దెబ్బకోసారి కోడిలా మెడ తిప్పుతున్నాడు. పొద్దున ఎనిమిదన్నా కాలేదు, మెడ నరాలు అప్పుడే పట్టేశాయి.

ఆయన రైల్వేలో కీమ్యాన్. మానుకోట స్టేషను దాటినప్పటి నుంచి తాళ్లపూసపల్లి వైపు ఆరు కిలోమీటర్ల పట్టా ఆయన పాలబడింది. రోజూ దాని వెంట నడిచిపోవాలి, నడిచిరావాలి. వదులైన క్లిప్పు కనపడితే కొట్టి బిగించాలి, అతుకుల దగ్గర కూర్చుని పగుళ్ళు వెతకాలి. భుజాన సంచి, అందులో రెండు జెండాలు, ఒక స్పానరు, సద్ది గిన్నె. ముప్పై మూడేళ్ళు ఇదే నడక నడిచేసరికి ఆయన కాళ్ళకు స్లీపర్ల కొలత పట్టుకుంది. అంగడికి పోయినా, పెళ్ళికి పోయినా అదే కొలతన అడుగు పడుతుంది. పరశన్న సిమెంటు రోడ్డు మీద కూడా పట్టాలు పరుచుకుంటూ పోతాడని బస్తీ ఆడవాళ్ళు నవ్వుతారు. పొట్టి మనిషి, నల్లగా కమిలిన మెడ, సుత్తి పట్టీ పట్టీ కాయలు కాసిన అరచేతులు. నారింజ రంగు జాకెట్టు ఎండకు వెలిసి మట్టిరంగుకు తిరిగింది.

ఎవరూ పట్టించుకోని మనిషి. అదే ఆయనకు ఇన్నాళ్ళూ కలిసొచ్చింది. ఎందుకంటే పరశురాములుకు చెవులు వినపడవు.

ఎడమ చెవి పూర్తిగా పోయి రెండేళ్ళు దాటింది. కుడి చెవిలో నోరు పెట్టి అరిస్తే మాట లోపలికి పోతుంది, లేకపోతే లేదు. సుత్తి దెబ్బ మణికట్టుకు తెలుస్తుంది, మోచేతికి తెలుస్తుంది, చెవికి మాత్రం తెలియదు. వెనక నుంచి రైలొస్తే? నియమం ప్రకారం బండికి ఎదురుగా నడవాలి. కానీ మూడో లైను పనులు మొదలైనప్పటి నుంచి ఆ పక్కన మట్టి దిబ్బలే, తప్పుకోవడానికి అడుగు జాగా లేదు. అందుకని వీపు బండికి అప్పజెప్పి నడుస్తున్నాడు.

అలా నడుస్తూ కూడా ఇన్నాళ్ళు బతికి ఉన్నాడంటే అది లింగ్యా చలవ. లింగ్యా కూడా ఈయనతో పాటు పట్టాలు చూసే గ్యాంగులోనే పనిచేసి మూడేళ్ళ కింద రిటైరైనవాడు. సొంతూరు నెల్లికుదురు పక్క తండా, కానీ ఉద్యోగం అయిపోయినా బస్తీ వదలలేదు. రోజూ పొద్దున రెండు మేకలను తోలుకుని కట్ట కింద బాట వెంట పరశురాములుకు తోడు నడుస్తాడు. చూసేవాళ్ళకు మేకలు మేపుకునే ముసలాయన. అసలు సంగతి వాళ్ళిద్దరికే తెలుసు. వెనక బండి కూత వినపడగానే లింగ్యా ఒక గులకరాయి తీసి పరశురాములు వీపు మీదికి విసురుతాడు. రాయి తగలగానే ఈయన పట్టా దిగిపోతాడు. గురి తప్పే మనిషి కాదు. ఒక్కోసారి బండి రాకపోయినా సరదాకు విసిరి, ఈయన ఎగిరి దూకితే కడుపు పట్టుకుని నవ్వేవాడు. అప్పుడు పరశురాములు తిట్టే తిట్లకు మేకలు కూడా మేత మానేసి చూసేవి.

ఇవాళ కట్ట కింద బాట మీద మేకలు లేవు, లింగ్యా లేడు.

రాడని తెలుసు. రాత్రి మాటా మాటా అనుకున్నారు. తప్పు తనదేనని కూడా పరశురాములుకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు. "ఎన్నేండ్ల సావాసంరా, ఒక్క మాటకే అలుగుతవా" అని గొణుక్కుంటూ మళ్ళీ వంగి, కొట్టి, వెనక్కి చూశాడు.

నిన్న సాయంత్రం కల్లు కంపౌండ్‌లో మొదలైంది అదంతా. స్టేషను వెనక, నిజాం కాలంలో కట్టిన రాతిగోడల ఇళ్ళు రెండు వరుసలుంటాయి. అదే గ్యాంగుబస్తీ. దాని చివర రేకుల షెడ్డు కింద కంపౌండ్. పట్టాల మీద పనిచేసినవాళ్ళంతా, వాళ్ళ తండ్రులు, తాతలు, దిగిన చెమటను అక్కడే కల్లుతో కడుక్కున్నారు. మూడో లైనుకు అడ్డమని ఇళ్ళన్నిటికీ ఎర్రరంగుతో నంబర్లు వేసి పోయారు. పడగొట్టక ముందే బస్తీ జ్ఞాపకాలు రాసుకోవాలని అమూల్య వచ్చింది. అమూల్య ఆ గ్యాంగుకు ఒకప్పుడు మేటుగా, అంటే పెద్దగా, చేసిన సోమనర్సయ్య మనవరాలు, హనుమకొండలో చదువుతోంది. ఫోన్ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టింది.

సోమనర్సయ్యకు డెబ్బై ఆరేళ్ళు. అడగడమే ఆలస్యం, మొదలుపెట్టాడు. ఆ కథలన్నీ పరశురాములు వందసార్లు విన్నవే కాబట్టి పెదవులు చూస్తే చాలు, మాటలు వాటంతటవే వినపడుతున్నాయి.

"మా బాపు జమానల బొగ్గింజన్లు బిడ్డా. ఇంజను ఆడ నీళ్ళు దాగేది, మేం ఈడ కల్లు దాగేది. దానికన్న మాదే పెద్ద ట్యాంకి."

ఉడికిన శనగల గుడాలమ్మే పుష్పమ్మ అందుకుంది. "గడియారం ఎవలింట్ల ఉన్నదే గప్పుడు? ప్యాసింజరొస్తే పొయ్యి ముట్టిచ్చుడు, గూడ్సు వోతే పోరగాండ్లను పండవెట్టుడు. బండి లేటైన్నాడు బస్తీ మొత్తం లేటే."

తరువాత సోమనర్సయ్య కంపౌండ్ మస్టరు గురించి చెప్పాడు. అది ఆ బస్తీలో తప్ప ఇంకెక్కడా లేని పద్ధతి. పొద్దున పనిలోకి దిగేటప్పుడు పేర్లు పిలిచినట్టే, సాయంత్రం కంపౌండ్‌లో కూడా మేటు గ్యాంగు పేర్లన్నీ పిలుస్తాడు. ఒక్కొక్కరూ "ఉన్న" అనాలి. అందరూ అన్నాకే మొదటి సీసా మూత తీయాలి.

"ఎందుకంటవా? మా బాపు మేటున్నప్పుడు ఒక్కనాడు వానల పనిజేసి అందరొచ్చి తాగవట్టిన్రు. కిష్టయ్య అనే గ్యాంగు ఖలాసి రాలే. రాలేదని ఒక్కడు సుత సూడలే. నాలుగో సీసా కాడ ఆయన పెండ్లాం గిన్నె వట్టుకొని వొచ్చి, మా ఆయనేడి అన్నదట." సోమనర్సయ్య చేయి చాపి, కిష్టయ్య బండి కింద పడిన వైపు చూపించాడు. "గప్పటిసంది మస్టరు లేంది సుక్క ముట్టం."

అమూల్య చూస్తుందని అందరూ సరిగ్గా కూర్చున్నారు. మస్టరు మొదలైంది. పరశురాములుకు రోజు మొత్తంలో పట్టాల తరువాత ఎక్కువ భయం ఈ కాసేపే. తన పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు, రిటైరైనా ఇప్పటికీ సోమనర్సయ్యే ఇష్టం వచ్చిన వరుసలో పిలుస్తాడు. కానీ పక్కన లింగ్యా ఉంటాడు. బల్ల కింద మోకాలితో పొడుస్తాడు. పొడవగానే ఈయన గొంతెత్తి "ఉన్న" అంటాడు. నిన్న కూడా అలాగే గండం గడిచింది.

ఆ తరువాతే ముంచుకొచ్చింది. అమూల్య ఫోన్ తీసుకొచ్చి ఆయన ముందు కూర్చుని ఏదో అడిగింది. కొత్త గొంతు, కొత్త పెదవులు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ అడిగింది. మళ్ళీ నవ్వాడు. లింగ్యా మధ్యలో దూరి ఏదో అనేసరికి అందరూ పగలబడి నవ్వారు గానీ, ఆ పిల్ల నవ్వలేదు. ఆయన చెవుల వైపే చూస్తోంది. పోయేముందు దగ్గరికి వచ్చి మెల్లగా ఇంకో మాట అడిగింది. ఏమడిగిందో తెలియక ఆయన తలూపేశాడు. దేనికి తలూపాడో భగవంతుడికే తెలియాలి.

ఇంటికి పోయే సందులో లింగ్యా ఆయన కుడి చెవిలో నోరు పెట్టి అరిచాడు.

"ఇగ చెప్దాం పరశురాం. పోరికి షక్ వొచ్చింది, నీ చెవులే చూడవట్టింది. నాక్కూడ చాతనైతలేదు. నాలుగొద్దులసంది ఛాతిల పట్టేసినట్టైతాంది. నేను మంచాన వడ్డనాడు నీకు రాయి ఎవడిసర్తడు?"

చెప్పడమంటే మాటలా? చెవులు పోయినవాడిని పట్టాల మీద ఉంచరు. ఏ ఊరికో పంపి, ఏ గదిలోనో కూర్చోబెడతారు. భార్య లచ్చవ్వ పోయాక పరశురాములుకు ఈ బస్తీ తప్ప ఇంకో దిక్కు లేదు. అదొక్కటే అయితే పర్వాలేదు. పోయినసారి చెవుల పరీక్షలో ఇద్దరూ కలిసి మోసం చేశారు. వెనక నుంచి డాక్టరు అంకెలు గుసగుసగా చెబుతుంటే, తలుపు దగ్గర తోడుగా నిలబడ్డ లింగ్యా వేళ్ళతో చూపించాడు, ఈయన చెప్పాడు. అది బయటపడితే ఉద్యోగం మాట దేవుడెరుగు, తలెత్తుకుని నడవలేడు. రిటైరు కావడానికి ఇంకా పదమూడు నెలలు. పదమూడు నెలలు గడిస్తే చాలు.

భయంతో ఉన్న మనిషి నోటికి హద్దుండదు. "నాకెవ్వడు ఇసరద్దు. నిన్నెవడు రమ్మన్నడు? రేపటిసంది రాకు పో" అని అరిచి తలుపేసుకున్నాడు. తలుపు సందులోంచి చూస్తే లింగ్యా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తరువాత వెళ్ళిపోయాడు.

రైల్వే గేటు దాటాడు పరశురాములు. గేటు మూసి ఉంది. రోడ్డు మీద అటూ ఇటూ ఆటోలు, మోటారుసైకిళ్ళు ఆగి ఉన్నాయి. ఆయన ఎవరి వైపూ చూడలేదు. పట్టాను చూడాలి, వెనక్కి చూడాలి, ఇంక దేన్నీ చూసే తీరిక లేదు. కొద్దిదూరం పోయాక పట్టా వంపు తిరిగింది. వంపులో వెనక్కి చూసినా వంద అడుగులకు మించి కనపడదు. అక్కడ ఒంగి పట్టా మీద మోకాలు ఆనించాడు. బండి వస్తుంటే ఇనుము సన్నగా వణుకుతుంది. అదే ఆయనకు మిగిలిన చెవి.

పదకొండు దాటాక ఎదురుగా, పక్క లైను మీద గూడ్సు కనపడింది. నూనె ట్యాంకుల గూడ్సు, పొడుగ్గా, నెమ్మదిగా. ఏ లైను మీద బండి వచ్చినా పట్టా దిగి నిలబడాలి. ఆయన ప్రతి కొత్త ఖలాసికీ చెప్పే మొదటి మాట అదే. కానీ కాళ్ళ దగ్గరే ఒక క్లిప్పు పూర్తిగా బయటికి వచ్చి ఉంది. నాలుగు దెబ్బల పని. వంగాడు.

గూడ్సు పక్క నుంచి పోతోంది. నేల అదురుతోంది, పట్టా అదురుతోంది, పళ్ళు అదురుతున్నాయి. ఒకటి, రెండు. మూడో దెబ్బకు సుత్తి ఎత్తినప్పుడు, పక్కన పోతున్న ట్యాంకు నున్నటి పొట్ట మీద ఒక వెలుతురు చుక్క కదిలింది. ట్యాంకులు ఇటు పోతుంటే ఆ చుక్క అటు పరుగెత్తుతోంది. అది ఏమిటో ఆయన ఆలోచించలేదు. ఒళ్ళే ఆలోచించింది. సుత్తితో సహా కట్ట కిందికి పడిపోయాడు.

ఎక్స్‌ప్రెస్ ముందు దీపం వెలిగించుకుని ఆయన వంగిన చోటు మీదుగా పోయింది. ఇంజనులోంచి డ్రైవరు సగం బయటికి వంగి, నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. ఆ తెరిచిన నోరు కనపడింది గానీ కూత లేదు, చక్రాల రొద లేదు. దుమ్ము, గాలి, చెంపకు కొట్టిన ఒక కంకరరాయి. అంతా నిశ్శబ్దంగా జరిగిపోయింది. చావు కూడా ఇలాగే ఉంటుందేమో, ఏ చప్పుడూ లేకుండా వచ్చి పోతుందేమో అనుకుంటే పరశురాములుకు ఏడుపొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడుపు చప్పుడు కూడా ఆయనకు వినపడలేదు.

లేచి సుత్తి వెతుక్కున్నాడు. సద్ది విప్పి, మళ్ళీ మూసేశాడు. ముందు లింగ్యా మీద కోపం వచ్చింది. తరువాత తన మీద వచ్చింది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాడు. సాయంత్రం కంపౌండ్‌కు పోయి, అందరి ముందూ లింగ్యా చేతులు పట్టుకుంటాడు. రేపు ఇద్దరూ కలిసి ఆఫీసుకు పోయి ఉన్నది ఉన్నట్టు చెబుతారు. ఏ ఊరికి పంపినా సరే. లింగ్యా పక్కనుంటే చెప్పగలడు.

మిగిలిన పట్టా ఎలా నడిచాడో ఆయనకే తెలియదు. సుత్తి, జెండాలు గ్యాంగు గుడిసెలో పెట్టి, సంతకం చేసి, బస్తీ దారి పట్టేసరికి నాలుగున్నర దాటింది.

కంపౌండ్ ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి ఉంది. గ్యాంగులో చేసిన ముసలివాళ్ళంతా బయట నిలబడ్డారు. బల్లల మీద సీసాలు లేవు. పుష్పమ్మ గుడాల గంప మీద గుడ్డ కప్పి ఉంది. పరశురాములు లింగ్యా కోసం వెతికాడు. లేడు. ఎవరినైనా అడగవచ్చు. కానీ అడిగితే జవాబు చెబుతారు, ఆ జవాబు వినపడదు. రెండేళ్ళుగా ఆయన ఎవరినీ ఏమీ అడగకుండానే బతుకుతున్నాడు. షెడ్డులోకి తొంగి చూస్తూ వాళ్ళకు వీపు తిప్పి నిలబడ్డాడు.

వెనక సోమనర్సయ్య మస్టరు పిలుస్తున్నాడు. ఆటో ఎక్కకుండా ఎవరూ మిగిలిపోకూడదని. ఒక్కొక్కరూ "ఉన్న" అని ఎక్కుతున్నారు. పరశురాములు పేరు పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. బల్ల కింద పొడిచే మోకాలు లేదు.

భుజం మీద ఎవరో చరిచారు. ఉలిక్కిపడి తిరిగాడు. పుష్పమ్మ. ముఖం ఎర్రగా ఉంది, చేతులు ఊపుతూ అరుస్తోంది. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆ చూపుల్లో అసహ్యం ఉంది. రైల్వే గేటు వైపు చేయి చూపిస్తోంది పుష్పమ్మ. "శ్యాం" అన్నట్టుంది. శ్యాం అంటే లింగ్యా మేనల్లుడు. "లింగ్యా" అన్నట్టుంది. మళ్ళీ గేటు వైపు చేయి.

ఇక నవ్వి తలూపడానికి ఆయన దగ్గర ఓపిక లేదు.

"నాకు వినవడది పుష్పమ్మా" అన్నాడు. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో తెలియలేదు. "రెండేండ్లాయె. రెండు చెవులు వోయినయ్. లింగ్యాకు తప్ప ఎవ్వలకు ఎరుక లేదు. ఏమైందో నాకు చేతుల తోటి చెప్పున్రి. లింగ్యా ఏడి?"

పుష్పమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అప్పుడు అమూల్య ఆటో పక్క నుంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. తన చెవి ముట్టుకుని, ఆయన వైపు చూసి, తలూపింది. నిన్న తను దేనికి తలూపాడో పరశురాములుకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల రెండు అరచేతులూ కలిపి, వాటి మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

లింగ్యా నిద్రపోతున్నాడేమో అని ఆయన మొదట అనుకున్నాడు. అలాగే అనుకోవాలనుకున్నాడు. అమూల్య కళ్ళు తెరిచాక చెంపలు తడిగా ఉన్నాయి.

తరువాత సోమనర్సయ్య వచ్చి ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. ముసలి గొంతు, ముక్కలు ముక్కలుగా లోపలికి పోయింది. "పొద్దుగాల... గడప మీద కూసొని... గట్లనే ఒరిగిండు. నువ్వు పనిల ఉన్నవని శ్యామును గేటు కాడికి ఉరికిచ్చినం. కాకా, కాకా అని ఎంతగనమో మొత్తుకున్నడట. నువ్వు తిరిగి సూడలే. రాత్రి కొట్లాడిన్రంట, గా పంతం వెట్టుకున్నవని అందరు తిట్టిన్రు. లింగ్యా పెండ్లాం సోమ్లీ రెండింటిదాక నీ కోసమే ఆపింది. ఎండకు ఇగ ఆపలేక తండావోళ్ళు ట్రాక్టర్ల తీస్కపోయిన్రు. జల్ది నడువు, మట్టి వెయ్యంగనన్న అందుకుందం."

పరశురాములు తలూపాడు. ఈసారి మాట విని తలూపాడు. ఆటో ఎక్కబోయి, ఆగి, సోమనర్సయ్య చేయి పట్టుకున్నాడు. "రేపు పొద్దున ఆఫీసుకు నా ఎంబడి రావాలె. నేను చెప్త. నాకు సార్లు అన్నది వినవడది, నువ్వు నా చెవుల చెప్పు." సోమనర్సయ్య వస్తానన్నట్టు ఆయన వీపు మీద చేయి వేశాడు. ఆ చేయి తగలగానే పరశురాములు, రాయి తగిలినట్టు, ఒక అడుగు పక్కకు వేశాడు.

ఆటో బస్తీ సందులోంచి పోయింది. లింగ్యా ఇల్లు వచ్చేసరికి డ్రైవరు తనంతట తానే నెమ్మది చేశాడు. తలుపుకు గొళ్ళెం పెట్టి ఉంది. మేకలు రెండూ రాటకు కట్టేసే ఉన్నాయి, ఇవాళ వాటిని ఎవరూ విప్పలేదు. పుష్పమ్మ ఆయన చేయి నొక్కి, గడప చూపించి, తన కాలికి బూటు తాడు కట్టుకుంటున్నట్టు చూపింది. పొద్దున లింగ్యా బయలుదేరుతూనే పోయాడు. రావద్దన్నా వస్తున్నాడు.

ఒక బూటు లింగ్యా కాలికే పోయింది. రెండోది గడప మీద ఉంది, నాలుక బయటికి లాగి, కాలు దూరడానికి వీలుగా తాళ్ళు వదులు చేసి.